లెక్క అడిగిన పంతులు అఘోరనాథ్

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల నుంచి పట్నం పోయి పెద్ద చదువులు చదివినవారిని కదిపితే నిజాం కాలేజీ పేరు తప్పక వస్తుంది. బషీర్‌బాగ్‌లో ఆ కాలేజీ ముందు నుంచి బస్సులో పోని రైతు ఈ ప్రాంతంలో అరుదు. అయితే ఆ కాలేజీకి పునాది వేసిన పంతులు, ప్రజల సొమ్ముకు లెక్క అడిగినందుకు నౌకరీ పోగొట్టుకుని సంస్థానం సరిహద్దు దాటవలసి వచ్చిందన్న సంగతి ఎరిగినవారు కొద్దిమందే. ఆయన డాక్టర్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ. సరోజినీ నాయుడు తండ్రి అంటే చాలామంది పోల్చుకుంటారు.

బెంగాల్ పల్లె నుంచి హైదరాబాదుకు

అఘోరనాథ్ 1851లో తూర్పు బెంగాల్‌లోని బిక్రంపూర్ ప్రాంతంలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. వారిది సంస్కృత పాండిత్యానికి పేరున్న ఇల్లు. ఢాకాలోను, కలకత్తాలోను చదువుకున్న తరువాత గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్ సంపాదించి స్కాట్లండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ సైన్సులో డాక్టర్ పట్టం పుచ్చుకున్నారు. ఆ పట్టం పొందిన తొలి భారతీయులలో ఆయన ఒకరు. రసాయన శాస్త్రం ఆయనకు ప్రాణం.

సముద్రం దాటితే కులం చెడుతుందని భయపడే రోజులవి. అఘోరనాథ్ కేశవచంద్ర సేన్ బోధలు విని బ్రహ్మసమాజంలో చేరారు. ఆయన విదేశంలో ఉన్న కాలంలో భార్య వరదసుందరీ దేవి కేశవచంద్ర సేన్ నడిపిన ఆశ్రమంలో ఉండి చదువుకున్నారు. ఆడవారు చదవాలన్న మాట ఆయన ముందు తన ఇంట్లోనే అమలు జరిపారు.

అప్పుడు హైదరాబాదు సంస్థానానికి దివాను మొదటి సాలార్‌జంగ్. నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంకా చిన్నవాడు. పాలనను కొత్త పద్ధతులలోకి మార్చాలంటే కొత్త చదువు కావాలని సర్కారు తలచింది. ఆ పిలుపు మీద 1878 ప్రాంతంలో అఘోరనాథ్ హైదరాబాదు చేరారు. ఇంగ్లీషు బడితో పని మొదలుపెట్టి దానిని కాలేజీ స్థాయికి తెచ్చారు. ఆ హైదరాబాదు కాలేజీయే 1887లో మదరసా ఆలియాతో కలిసి నిజాం కాలేజీ అయింది. అందుకే నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్ అనగానే లోకం ఆయన పేరే చెప్పుకుంటుంది.

రైలు మార్గం తగవు

తాండూరు, వికారాబాదు, శంకర్‌పల్లి మీదుగా పట్నానికి వచ్చే రైలు మార్గం ఇక్కడివారందరికీ తెలిసిందే. వాడి నుంచి సికింద్రాబాదు వరకు ఆ మార్గం 1874లో నిజాం సర్కారు ఖర్చుతో పడింది. తరువాత దానిని తూర్పున వరంగల్ దాకా, ఉత్తరాన బొగ్గు గనులున్న చాందా దాకా పొడిగించాలన్న ఆలోచన వచ్చింది. ఈ పనిని లండన్‌లో పెట్టే ఒక కంపెనీకి అప్పగించి, ఆ కంపెనీ పెట్టుబడిపై 20 ఏళ్లపాటు వడ్డీ రాబడికి సంస్థానం ఖజానా పూచీ ఉండాలన్నది ఏర్పాటు. రైలుకు లాభం రాకపోయినా కంపెనీ వాటాదారులకు రాబడి తప్పదన్నమాట. నష్టం వస్తే భరించేది ఖజానా. ఖజానాకు ప్రధానమైన ఆదాయం రైతు కట్టే శిస్తు.

1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ మరణించారు. పెద్దదిక్కు లేని ఆ సమయంలో చాందా రైల్వే పథకం ముందుకు కదిలింది. అప్పుడు అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలైనవారు పట్నంలో ఒక సంఘంగా ఏర్పడి ప్రజలను కూడగట్టారు. వారు రైలు వద్దనలేదు. ఒప్పందం షరతులు ఏమిటో, ఎంత సొమ్ముకు పూచీ పడుతున్నారో ముందు ప్రజలకు తెలియజేయమన్నారు. హిందువులు, ముస్లిములు కలిసి ఒక ప్రజా విషయం మీద సర్కారును ప్రశ్నించడం హైదరాబాదులో అంతకు ముందు పెద్దగా ఎరగనిది.

ఈ ప్రశ్నకు సర్కారు జవాబు చెప్పలేదు. అఘోరనాథ్‌ను కొలువు నుంచి తప్పించి, 1883 మే నెలలో సంస్థానం విడిచి పొమ్మన్నది. అబ్దుల్ ఖయ్యూం కూడా ఉద్యోగం పోగొట్టుకున్నారు. అప్పటికి అఘోరనాథ్ వయసు 32 ఏళ్ల లోపు. పెద్దకూతురు సరోజినికి నాలుగేళ్లు.

ఒప్పందం ఆగలేదు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరుతో ఏర్పడిన లండన్ కంపెనీ 1885లో మన శంకర్‌పల్లి మార్గాన్ని కూడా తన చేతిలోకి తీసుకుంది. దానిని సంస్థానం తిరిగి కొనుక్కున్నది 1930లో.

ఆ రోజుల్లో లండన్ వ్యాపారులతో బేరాలు నడిపిన సంస్థానం అధికారి అబ్దుల్ హఖ్. 1886లో గనుల హక్కులు కూడా లండన్ కంపెనీకి దక్కాయి. సింగరేణి బొగ్గు ఆ హక్కులలోనిదే. ఆ గనుల వ్యవహారంలో పెద్ద గోల్‌మాల్ బయటపడి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. అబ్దుల్ హఖ్ పదవి పోయింది. లెక్కలు బయట పెట్టాలని పంతులు అడిగి అప్పటికి అయిదేళ్లు అయింది.

తిరిగి వచ్చిన పంతులు

కొన్నేళ్లకు సర్కారు మనసు మార్చుకుని అఘోరనాథ్‌ను తిరిగి పిలిచింది. తనను వెళ్లగొట్టిన ఊరికే ఆయన మళ్లీ వచ్చి విద్యాశాఖ పనిలో చేరారు. కాని నోరు కట్టేసుకోలేదు. 1885లో పుట్టిన కాంగ్రెసుకు హైదరాబాదులో మద్దతు కూడగట్టిన తొలివారిలో ఆయన ఉన్నారు. బెంగాల్ విభజన తరువాత వచ్చిన స్వదేశీ ఉద్యమాన్ని కూడా సమర్థించారు. ఇది పై అధికారులకు గిట్టలేదు. చివరకు ముందుగానే విశ్రాంతి తీసుకుని కలకత్తాకు తరలిపోవలసి వచ్చింది.

హైదరాబాదులో ఉన్నంతకాలం ఆయన ఇంటి తలుపు అందరికీ తెరిచే ఉండేది. పండితులు, మౌల్వీలు, కవులు, సాధువులు, బిచ్చగాళ్లు అన్న తేడా లేకుండా వచ్చి కూర్చునేవారు. శాస్త్రజ్ఞుడై ఉండి కూడా ఆయనకు పరుసవేది మీద మోజు పోలేదు. లోహాన్ని బంగారంగా మార్చాలని ఇంట్లో ప్రయోగాలు చేసేవారు. బంగారం రాలేదు సరికదా, చేతిలో ఉన్నది కూడా దానధర్మాలకు, అతిథులకు కరిగిపోయేది.

ఎనిమిది మంది పిల్లలు

ఆయనకు ఎనిమిది మంది సంతానం. సరోజినిని లెక్కల్లోనో సైన్సులోనో పండితురాలిని చేయాలని ఆయన కోరిక. ఆమె పన్నెండేళ్లకే మద్రాసు మెట్రిక్యులేషన్ పరీక్ష నెగ్గి పేరు తెచ్చుకుంది. కాని ఆమె మనసు కవిత్వం మీదికి పోయింది. 1898లో ఆమె డాక్టర్ గోవిందరాజులు నాయుడును పెళ్లాడింది. కులం వేరు, భాష వేరు. అయినా తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. మద్రాసులో ఆ పెళ్లి జరిపించినది కందుకూరి వీరేశలింగం పంతులు.

పెద్దకొడుకు వీరేంద్రనాథ్ దేశ స్వాతంత్ర్యం కోసం ఐరోపాలో తిరిగి, 1937లో సోవియట్ రష్యాలో ప్రాణం పోగొట్టుకున్నారు. మరో కొడుకు హరీంద్రనాథ్ కవి, నటుడు. 1952 ఎన్నికల్లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఇంట్లో ప్రశ్న అడగడం నేర్చిన పిల్లలు ఎవరి దారిన వారు పోయారు.

అఘోరనాథ్ 1915 జనవరిలో కలకత్తాలో కన్నుమూశారు. ఆయన నాటిన కాలేజీ 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయం కింద నడిచి, ఆ ఏడాది ఉస్మానియాలో చేరింది. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఆ కుటుంబం నివసించిన ఇల్లు సరోజినీదేవి కవితల పుస్తకం పేరున గోల్డెన్ త్రెషోల్డ్ అయింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం గచ్చిబౌలికి పోకముందు ఆ ఇంట్లోనే మొదలైంది. ఒక పంతులు ఇల్లు చివరకు చదువుకే దక్కింది.

నేడు చేవెళ్ల రోడ్డు వెంట పొద్దున్నే కాలేజీ బస్సులు బారులు తీరుతాయి. ఈ ఊళ్లలో కాలేజీ చదువు ఇప్పుడు వింత కాదు. గ్రామసభలో నిలబడి రోడ్డుకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని అడిగే హక్కు ప్రతి రైతుకూ ఉంది. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం రాసిస్తే అధికారి గడువులోగా జవాబు చెప్పవలసిందే. 1883లో అదే మాట అడిగినందుకు ఒక ప్రిన్సిపాల్ మూటాముల్లె సర్దుకోవలసి వచ్చింది. ఆయన అడిగిన తీరున అడిగేవారు ఉన్నప్పుడే ఆ చట్టం వల్ల ఊరికి మేలు.