తప్పును కూడా లెక్కపెట్టిన మాస్టారు

సర్వే అనగానే మనకి గుర్తొచ్చేది గూగుల్ ఫారం. గ్రూపులో లింకు పడేస్తాం. నలభై మంది నింపుతారు. అందులో సగం మంది ప్రశ్న కూడా పూర్తిగా చదవరు. వచ్చిన దానితో రంగురంగుల పై చార్టు గీసి ప్రాజెక్టు రిపోర్టులో అతికిస్తాం. ఆ చార్టులో నిజమెంత అని గైడ్ అడగరు, మనమూ అడుక్కోం. ఆ ఒక్క ప్రశ్నే అడుగుతూ జీవితమంతా గడిపినాయన ఒకరున్నారు. పేరు ప్రశాంత చంద్ర మహలనోబిస్. మెషీన్ లెర్నింగ్ సిలబస్‌లో మహలనోబిస్ డిస్టెన్స్ అని ఒక ఫార్ములా ఉంది చూడండి, అది ఈయనదే. అయితే ఆయన చేసిన పనుల్లో ఫార్ములా చిన్నది. పది మంది దగ్గరికి వెళ్ళి అడిగి రాసుకురావడం అనే పనిని ఈ దేశంలో ఒక శాస్త్రంగా, ఒక ఉద్యోగంగా నిలబెట్టడం పెద్దది.

పుట్టింది 1893 జూన్ 29న, కలకత్తాలో, బ్రహ్మసమాజం కుటుంబంలో. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివారు. జగదీశ్ చంద్ర బోస్ అక్కడ ఆయనకి గురువు. 1913లో ఇంగ్లండ్ వెళ్ళింది లండన్‌లో చేరదామనే. ఒకరోజు కేంబ్రిడ్జి చూడ్డానికి వెళ్ళి, కింగ్స్ కాలేజీ చాపెల్ చూస్తూ ఉండిపోయి, తిరుగు రైలు తప్పిపోయింది. రాత్రికి అక్కడే ఒక మిత్రుడి దగ్గర ఆగారు. ఆ మిత్రుడు ఇక్కడే చేరొచ్చు కదా అన్నాడు. మర్నాడు అడిగితే సీటిచ్చేశారు! కౌన్సెలింగులూ ఆప్షన్లూ లేని కాలం మరి.

కేంబ్రిడ్జిలో రామానుజన్‌తో స్నేహం కుదిరింది. రామానుజన్ రాత్రిళ్ళు చలికి నిద్ర పట్టడం లేదనీ, కోటు వేసుకుని శాలువా కప్పుకుని పడుకుంటున్నాననీ చెప్పారట. కంబళ్ళు లేవేమో అనుకుని మహలనోబిస్ గదిలోకి వెళ్ళి మంచం చూశారు. కంబళ్ళు బోలెడున్నాయి, పరుపు కిందికి బిగించి దోపి ఉన్నాయి. వాటిని లాగి లోపలికి దూరాలని రామానుజన్‌కి ఎవరూ చెప్పలేదు. నాకైతే ఇది సర్వే ఉద్యోగానికి మొదటి పాఠంలా కనిపిస్తుంది. చెప్పిన జవాబు అబద్ధం కాదు, కానీ లేచి వెళ్ళి మంచం చూస్తే తప్ప అసలు విషయం తెలియలేదు.

చదువు ఫస్ట్ క్లాసులో ముగిసింది, కావెండిష్ ల్యాబులో పరిశోధనకి అవకాశం కూడా వచ్చింది. చేరేలోగా ఒకసారి ఇంటికి వచ్చి వెళ్దామనుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. లైబ్రరీలో కాలక్షేపం చేస్తుంటే బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు కంటబడ్డాయి. మొత్తం సెట్టు కొనేసి ఓడలో చదువుకుంటూ వచ్చారు. ఆ తర్వాత కేంబ్రిడ్జికి తిరిగి వెళ్ళలేదు. ప్రెసిడెన్సీలో ఫిజిక్స్ మాస్టారుగా కుదురుకున్నారు, స్టాటిస్టిక్స్ పక్కన నడిచింది. టాగోర్ విశ్వభారతి పనులు కూడా పదేళ్ళు చూశారు. మనుషుల ఎత్తు కొలతల మీద మొదటి పేపరు 1922లో వచ్చింది. డిస్టెన్స్ ఫార్ములాకి బీజం ఆ పనిలోనే పడింది.

ఇక్కడ ఇంజనీరింగ్ వాళ్ళం కాస్త చెవులు రిక్కించాలి. 1922లో ఉత్తర బెంగాల్లో పెద్ద వరద వచ్చింది. నీటిని ఆపే జలాశయాలు కట్టాలని ఇంజనీర్ల కమిటీ చెప్పింది, అదీ చాలా ఖర్చుతో. మహలనోబిస్ యాభై ఏళ్ళ వానల లెక్కలూ వరదల లెక్కలూ ముందేసుకుని, అక్కడ సమస్య నీరు ఆగకపోవడం కాదు, త్వరగా పోకపోవడం అని తేల్చారు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి వరదొచ్చినప్పుడూ ఇదే వరస. నది అడుగు మేట వేసి పైకి లేచింది, కాబట్టి కట్టలు ఇంకా ఎత్తు చేయాలి అని ఇంజనీర్లన్నారు. ఆయన అరవై ఏళ్ళ రికార్డు చూసి నది అడుగు లేవనే లేదన్నారు. ఎగువన ఆనకట్టలు కట్టడమే దారి అన్నారు. సివిల్ బ్రాంచి మిత్రులు ఏమనుకున్నా సరే, ఈ కథలో నాకు నచ్చింది ఆయన గెలుపు కాదు. పాత రిజిస్టర్లు తెరిచి చూడకుండానే కోట్ల పనికి ఎస్టిమేట్ వేయొచ్చన్న ధైర్యం ఎంత పాతదో తెలియడం.

1931 డిసెంబరు 17న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. పేరు గంభీరంగా ఉంది గానీ, ఉన్నది ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన నడుపుతున్న చిన్న ల్యాబు. మొదటి ఏడాది ఖర్చు 250 రూపాయలు దాటలేదు. రెండేళ్ళకి సంఖ్య అనే పత్రిక మొదలైంది.

అసలు పరీక్ష 1937లో జనపనారతో వచ్చింది. గోనెసంచుల నార చాలావరకు బెంగాల్ నుంచే ప్రపంచానికి వెళ్ళే రోజులవి. ఏటా ఎన్ని ఎకరాల్లో పంట వేశారో ముందే తెలియకపోతే బేరం మిల్లువాడి చేతిలో ఉంటుంది. అప్పటి సర్కారు అంకెలు చాలావరకు కింది ఉద్యోగుల కంటి అంచనాలు. మహలనోబిస్ గ్రామ నక్షాలు తెప్పించి, వాటి మీద లాటరీ తీసినట్టు చుక్కలు పెట్టించారు. చుక్క పడ్డ చోట చిన్న గడి. ఇన్వెస్టిగేటరు ఆ గడి దాకా నడిచి వెళ్ళి, ఏ మడిలో ఏ పంట ఉందో కళ్ళతో చూసి రాయాలి. చుక్క బురదలో పడిందా, బురదలోకే వెళ్ళాలి. రోడ్డు పక్క మడి చూసి రాసేస్తే లెక్క అక్కడే చెడింది.

గడి ఎంత పెద్దదుండాలి, మొత్తం ఎన్ని గడులుండాలి అన్నది కూడా ఆయన ఊహకి వదల్లేదు. మనిషి ఊరికి చేరడానికి ఎంతసేపు, మడి వెతకడానికి ఎంతసేపు, రాయడానికి ఎంతసేపు అని టైము రాయించి, దాని నుంచి ఖర్చు సూత్రం తయారు చేశారు. పెద్ద సర్వేకి ముందు చిన్న పైలట్ సర్వే చేయడం అనే అలవాటు ఈ పనిలోనే గట్టిపడింది. ఈ రోజు ఏ కంపెనీ ఉత్పత్తి టెస్టు చేసినా పైలట్ అంటుంది కదా, ఆ మాట వెనక ఇంత నడక ఉంది.

1940ల నడుమ బెంగాల్ ప్రభుత్వం మడి మడికీ తిరిగి పూర్తి లెక్క కూడా తీయించింది. దానికి 33,000 మంది పనిచేశారు, 82 లక్షల రూపాయలు అయ్యాయి. శాంపిల్ సర్వేకి 600 మంది, 8 లక్షలు. తర్వాత వర్తకుల లెక్కలూ కస్టమ్స్ లెక్కలూ వచ్చాక చూస్తే, శాంపిల్ అంకె దాదాపు సరిపోయింది. పూర్తి లెక్క సుమారు ఆరో వంతు తక్కువ పడింది. మొత్తం లెక్కపెడితే ఎక్కువ నిజం వస్తుందని మనం అనుకుంటాం. కానీ 33,000 మందికి పని నేర్పేదెవరు, వాళ్ళు మడి దాకా వెళ్ళారో లేదో చూసేదెవరు? ఆరు వందల మందికైతే నేర్పొచ్చు, వెనకాల వెళ్ళి చూడొచ్చు.

ఆయన వెనకాల వెళ్ళి చూసిన తీరు ఇంకా గొప్పది. ఒకే ప్రాంతంలో రెండు వేరు వేరు శాంపిళ్ళు తీసి, రెండు వేరు జట్లకి ఇచ్చేవారు. ఒక జట్టు అంకెలు రెండో జట్టుకి తెలియవు. రెండు జవాబులూ దగ్గర్లో ఉంటే సరే. లాటరీ వల్ల రాగల తేడా కంటే ఎక్కువ తేడా వస్తే, ఎక్కడో మనిషి తప్పు చేశాడన్నమాట. ఫిజిక్స్ మాస్టారు కదా, ఏ పరికరానికైనా ఎర్రర్ ఉంటుందని తెలుసు. సర్వేలో కొలిచే పరికరం మనిషే, కాబట్టి ఆ మనిషి ఎర్రర్ కూడా కొలవాలి. ల్యాబులో పక్కవాడి రీడింగు కాపీ కొడితే రికార్డు అందంగానే ఉంటుంది గానీ, రెండో రీడింగు అన్న మాటకి అర్థం పోతుంది.

పంటకోత ప్రయోగాల్లో ఇంకో చిక్కు బయటపడింది. పొలంలో చిన్న వృత్తం గీసి అందులో పంట కోసి తూస్తారు. వృత్తం మరీ చిన్నదైతే దిగుబడి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తోంది. కారణం వెతికితే, గీత మీద నిలబడ్డ మొక్కల దగ్గర దొరికింది. లోపలా బయటా అన్న అనుమానం వచ్చిన ప్రతిసారీ చెయ్యి దాన్ని లోపలికే లాక్కుంటోంది. ఎవరూ మోసం చేయలేదు. వృత్తం చిన్నదయ్యేకొద్దీ గీత మీది మొక్కల వాటా పెరిగి తప్పు పెద్దదవుతోంది. కోత విస్తీర్ణం ఎంతుండాలనే దాని మీద సుఖాత్మే లాంటి వ్యవసాయ గణాంకవేత్తలతో ఆయనకి చాలాకాలం గట్టి వాదన నడిచింది.

బెంగాల్ కరువు తర్వాత ఇన్‌స్టిట్యూట్ మనుషులు పల్లెలు తిరిగారు. ఎవరు భూమి అమ్ముకున్నారు, ఎవరు ఎద్దులు అమ్ముకున్నారు, ఏ పని చేసేవాళ్ళు ఎక్కువ చితికిపోయారు అని ఇల్లిల్లూ అడిగారు. ఆకలితో సగం ఇల్లు ఖాళీ అయినవాళ్ళ గుమ్మంలో కాగితం పట్టుకుని నిలబడి ఈ ప్రశ్నలు అడగాలంటే ఏ నైపుణ్యం కావాలో ఏ సిలబస్ చెప్పగలదు? ఆ పట్టికల్లో కూలీలూ చేపలు పట్టేవాళ్ళూ ఎక్కువ దెబ్బతిన్నట్టు తేలింది. దశాబ్దాల తర్వాత అమర్త్య సేన్ కరువుల మీద రాసినప్పుడు ఈ సర్వేనే ఆధారాల్లో ఒకటి.

1947లో ఢిల్లీ అల్లర్లప్పుడు ఎర్రకోటలో శరణార్థులు తలదాచుకున్నారు. భోజనాల కాంట్రాక్టరు బిల్లులు పెరిగిపోతున్నాయి, లోపల ఎంతమంది ఉన్నారో చూడ్డానికి వెళ్ళే పరిస్థితి లేదు. ఇన్‌స్టిట్యూట్‌తో చాలాకాలం పనిచేసిన సేన్‌గుప్తా అనే గణాంకవేత్త ఉపాయం చెప్పారు. బియ్యం, పప్పు, ఉప్పు బిల్లుల్లో ఉప్పు పట్టుకోండి అని. ఉప్పు చవక, దాని మీద దొంగలెక్క రాసి లాభం లేదు. మనిషికి ఎంత ఉప్పు ఖర్చవుతుందో పాత కుటుంబ సర్వేల నుంచి తెలుసు. భాగిస్తే జనం వస్తారు. జనసంఖ్య వేరే విధంగా తెలిసిన హుమాయూన్ సమాధి శిబిరంలో ఇదే పద్ధతి పెడితే సరిపోయింది.

ఈ పనుల్లోకి మనవాడొకరు వెళ్ళిన కథ కూడా ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు, మిలటరీ సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. అది రాలేదు. బస చేసిన చోట ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్న ఒకాయన కలిశారు. 1941 జనవరి 1న ఆ శిక్షణలో చేరి, దాదాపు నాలుగు దశాబ్దాలు అక్కడే ఉండిపోయారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మహలనోబిస్ కేంద్ర మంత్రివర్గానికి గణాంక సలహాదారు అయ్యారు, గౌరవ హోదాలో. 1950 అక్టోబరులో నేషనల్ శాంపిల్ సర్వే మొదటి రౌండు మొదలైంది. దేశంలో ఐదు లక్షలకి పైగా పల్లెలుంటే, 1,833 పల్లెలు ఎంచుకున్నారు. ఇన్వెస్టిగేటర్లు అప్పటికప్పుడు అరువు తెచ్చుకున్న గుమస్తాలు కాదు, ఇదే పనిగా ఉన్నవాళ్ళు. ఒక్కసారి ఆలోచించండి. మన దగ్గర సోల, తవ్వ, మానిక, కుంచం ఉన్నాయి, అవి కూడా ఊరికో తీరు. ఇంటావిడ నెలకి రెండు కుంచాలు అంటే, అది ఏ కుంచమో కనుక్కుని తూకంలోకి మార్చి రాయాలి. భాష రావాలి, కూడిక రావాలి, ఆవిడ చెప్పేదాకా ఓపిక పట్టడం రావాలి.

ఇంకో ప్రశ్న మరీ చిత్రమైంది. ఎంత తిన్నారు అని వారం రోజులకి అడగాలా, నెలకి అడగాలా? వారమైతే బాగా గుర్తుంటుందని ఎవరైనా అంటారు. మహలనోబిస్ బృందం 1950ల మొదట్లో రెండు విధాలా అడిగి, కొన్ని ఇళ్ళలో నిజంగా తూచి చూసింది. వారం జవాబులు నిజం కంటే ఎక్కువ వచ్చాయి, నెల జవాబులు తూకానికి దగ్గరగా ఉన్నాయి. దాంతో నెల పద్ధతి స్థిరపడింది.

రెండో పంచవర్ష ప్రణాళిక, భారీ పరిశ్రమలు, దాని మీద గొడవలు అందరికీ తెలిసినవే, ఇక్కడ వద్దు. దేశంలో తొలి డిజిటల్ కంప్యూటరు ఆయన ఇన్‌స్టిట్యూట్‌కే వచ్చిందన్నది మాత్రం మన బ్రాంచి కోసం చెప్తున్నా. అయితే అన్నీ తన గుప్పిట్లో ఉంచుకుంటారన్న విమర్శ ఆయన మీద గట్టిగానే ఉండేది, అది ఒట్టి అసూయ అని కొట్టిపారేయలేం. 1970లో ప్రభుత్వం శాంపిల్ సర్వే కోసం వేరే సంస్థ పెట్టింది. తర్వాత ఇన్‌స్టిట్యూట్‌లో ఆ పని చేసేవాళ్ళూ అటే వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళు పెంచినది చేజారడం ఆయనకి పెద్ద దెబ్బ. 1972 జూన్ 28న పోయారు, డెబ్భై తొమ్మిదో పుట్టినరోజుకి ఒక్క రోజు ముందు.

వారమా, నెలా అన్న పేచీ ఆయనతో పోలేదు. 1999-2000 రౌండులో రెండు ప్రశ్నలూ ఒకే కాగితం మీద పక్కపక్కన అడిగేసరికి ఒక జవాబు రెండోదాన్ని లాగిందని, పేదరికం నిజంగా తగ్గిందా, ప్రశ్న మారడం వల్ల తగ్గినట్టు కనిపించిందా అని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. 2022-23లో జరిగిన కుటుంబ వినియోగ సర్వేలో పద్ధతి మళ్ళీ మారింది. ప్రశ్నల్ని మూడు షెడ్యూళ్ళుగా విడగొట్టారు, ఇన్వెస్టిగేటరు ఒక్కో ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్ళాడు.