నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మ

గోదావరీ నది సముద్రమును చేరబోవుచు పాయలుగా చీలి ప్రవహించును. ఆ పాయల నడుమ నున్న పచ్చని సీమయే కోనసీమ. అందు వైనతేయ పాయ యొడ్డున లంకల గన్నవరమను గ్రామము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ ప్రాంతమున ప్రయాణము మిక్కిలి కష్టముగా నుండెడిది. బాటసారులు ఏటిపాయలను పడవలపై దాటి, గట్ల వెంట కాలినడకను పోయెడివారు. మాఘమాసమున అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవము జరుగును. అట్టి పండుగ దినములలో పిల్లలతో బయలుదేరిన యాత్రికులకు పడవ తప్పినచో ఆ పూట పస్తే. అట్టివారికి గన్నవరములో ఒక యిల్లు దిక్కుగా నుండెను. అది డొక్కా సీతమ్మగారి యిల్లు.

సీతమ్మ 1841వ సంవత్సరమున మండపేటలో జన్మించెను. తండ్రి అనుప్పిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. భవానీశంకరముగారు తమ యింటికి వచ్చినవారికి లేదనక అన్నము పెట్టెడివారు. అందుచే ఊరివారు ఆయనను బువ్వన్న యని పిలిచెడివారు. ఆ కాలమున ఆడపిల్లలకు బడిచదువు అరుదు. సీతమ్మకును అది అబ్బలేదు. చిన్నతనముననే తల్లి మరణించుటచే ఇంటి భారము ఆమెపై పడెను. తండ్రి యింటి వంటశాలయే ఆమెకు పాఠశాల యయ్యెను.

లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నపంతులుగారు ఒకప్పుడు ప్రయాణములో నుండగా, మధ్యాహ్నవేళ మండపేటలో భవానీశంకరముగారి యింట ఆగిరి. ఆ బాలిక అతిథులను ఆదరించిన తీరు ఆయన మనస్సున నాటుకొనెను. తరువాత ఆయన ఆమెను వివాహమాడిరి. అత్తవారింట అడుగుపెట్టిన సీతమ్మగారు భర్త తోడ్పాటుతో పుట్టింటి వ్రతమును కొనసాగించిరి.

ఆ యింట భోజనమునకు వేళ యనునది లేదు. అర్ధరాత్రి పడవ దిగినవాడు తలుపు తట్టినను ఆమె లేచి పొయ్యి రాజేసెడివారు. వచ్చినవాని కులము గాని, మతము గాని అడిగెడివారు కారు. ఆకలిగొన్నవాడైన చాలును, అతడు అతిథియే.

వచ్చువారిని విడిచి వెళ్ళలేక ఆమె యెన్నో ఏండ్లు ఊరు దాటలేదు. అంతర్వేది స్వామిని దర్శింపవలెనను కోరిక మాత్రము మనసున మిగిలియుండెను. ఆ కోరికను గూర్చి కోనసీమవారు నేటికిని ఒక వృత్తాంతము చెప్పుకొందురు. ఎట్టకేలకు ఒకనాడు ఆమె పల్లకిలో అంతర్వేదికి బయలుదేరిరి. త్రోవలో బోయీలు అలసట తీర్చుకొనుటకై పల్లకిని దింపిరి. ఆ సమయమున ఒక కుటుంబము ఎదురుగా వచ్చుచుండెను. పిల్లలు ఆకలికి తాళలేక ఏడ్చుచుండిరి. ఇక ఎంతో దూరము లేదనియు, గన్నవరము చేరినచో సీతమ్మగారు కడుపునిండ అన్నము పెట్టుదురనియు పెద్దలు వారిని ఊరడించుచుండిరి.

ఆ మాటలు సీతమ్మగారి చెవిని పడెను. ముందు చిరకాలముగా కోరుకొన్న దైవదర్శనము. వెనుక తాను లేని యిల్లు, ఆ యింటినే నమ్ముకొని పోవుచున్న పసివారు. ఆమె మరి ఆలోచింపలేదు. పల్లకిని వెనుకకు త్రిప్పుమని బోయీలకు చెప్పిరి. ఆ కుటుంబము కంటె ముందుగా ఇల్లు చేరి, వంట చేసి, వారు వచ్చుసరికి విస్తళ్ళు వేసి యుంచిరి. ఆనాడు ఆమెకు స్వామిదర్శనము తప్పెను. ఆ పిల్లలకు మాత్రము అన్నము తప్పలేదు.

ఆమె కీర్తి దూరదేశములకును ప్రాకెను. 7వ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమును పురస్కరించుకొని 1903వ సంవత్సరమున ఢిల్లీలో మహోత్సవము జరిగెను. దానికి ఆమెను ఆహ్వానించిరనియు, ఇంటికి వచ్చువారిని విడిచి రాజాలనని ఆమె వినయముతో తెలిపిరనియు చెప్పుదురు. అప్పుడు అధికారులు ఆమె ఛాయాచిత్రమునైనను పంపదలచిరి. పేరుకొరకు తాను ఈ పని చేయుట లేదని ఆమె మొదట నిరాకరించిరి. చిత్రము పంపనిచో జిల్లా అధికారికి మాట వచ్చునని తెలిసిన పిదప, ఆయనకు కష్టము కలుగరాదని మాత్రమే సమ్మతించిరట.

నిత్యము ఇందరిని పోషించుట సామాన్యము కాదు. కాలక్రమమున ఆస్తి తరిగిపోయెను. అయినను ఆమె యింట పొయ్యి ఆరలేదు. 1909వ సంవత్సరమున ఆమె కన్నుమూసిరి.

గన్నవరమువద్ద కాలువ నీటిని వైనతేయ పాయ మీదుగా దాటించు అక్విడక్టునకు ఆమె పేరు పెట్టిరి. 2024వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే ఉంచెను. బడిచదువు ఎరుగని ఆ యిల్లాలి పేరు అట్లు బడిపిల్లల అన్నముతో ముడిపడెను. పండుగనాడు తన యింట పాయసము వండుకొనువాడు, ఆ పూట పస్తున్నవాని వంకకు ఒకసారి చూడవలెనని ఆమె జీవితము తెలుపుచున్నది.