మాట పోయిన మహాకవి : కాజీ నజ్రుల్ ఇస్లాం

కాజీ నజ్రుల్ ఇస్లాం అంటే తిరుగుబాటు కవి అని మనలో చాలామందికి తెలుసు. ఆయన 77 యేళ్ళు బ్రతికారనీ, అందులో చివరి 34 యేళ్ళు నోటమాట లేకుండా, కలం పట్టకుండా గడిచాయనీ తెలిసినవారు తక్కువ. ఈ సంచికలో మేము ఆ రెండో సగాన్నే ముఖ్యంగా చెప్పదలిచాము. కారణం చివర మనవి చేస్తాము.

నజ్రుల్ 1899 మే నెలలో బెంగాల్‌లోని అసన్‌సోల్ దగ్గర చురూలియా గ్రామంలో పుట్టారు. తండ్రి కాజీ ఫకీర్ అహ్మద్ మసీదులో ఇమాం. బిడ్డకి తొమ్మిదేళ్ళు రాగానే 1908లో తండ్రి పోయారు. ఇంట్లో ముద్దుపేరు దుఖూ మియా, అంటే దుఃఖపు పిల్లాడు. పేరుకు తగ్గట్టే పొట్ట కూటికోసం మసీదులో అజా ఇచ్చారు, పల్లె నాటక బృందంలో పాటలు కట్టారు, అసన్‌సోల్‌లో రొట్టెల దుకాణంలో పని చేశారు. 1917లో సైన్యంలో చేరి కరాచీలో మూడేళ్ళున్నారు.

1922లో ఆయన విద్రోహి గీతం అచ్చయి బెంగాల్ అంతా ఊగిపోయింది. అదే యేడు ధూమకేతు పత్రిక పెట్టి తెల్లదొరల మీద రాసినందుకు 1923లో జైలు పాలయ్యారు. హుగ్లీ జైల్లో సుమారు 40 రోజులు నిరాహారదీక్ష చేశారు. రవీంద్రనాథ్ ఠాగూర్ తన నాటకాన్ని ఈ కుర్ర ఖైదీకి అంకితం ఇచ్చారంటే ఆయన స్థాయి ఎట్టిదో ఊహించుకోవచ్చు. 1924లో హిందూ కుటుంబంలో పుట్టిన ప్రమీలను పెళ్ళాడారు. ఇస్లామీ గీతాలూ రాశారు, కాళికా కీర్తనలూ రాశారు. మొత్తం మూడు వేలకు పైబడి పాటలు.

కష్టాలు వరసగా వచ్చాయి. 1930లో ముద్దుల కొడుకు బుల్‌బుల్ మశూచికంతో పోయాడు. 1939లో ప్రమీలకు నడుము నుండి కిందికి పక్షవాతం వచ్చి మంచాన పడింది. భార్య వైద్యానికి అప్పులు చేస్తూ, గ్రామఫోను కంపెనీకీ రేడియోకీ పాటలు రాస్తూ నెట్టుకొస్తున్నారు. 1942 జూలైలో కలకత్తాలో నాలుక తడబడింది. కొద్ది వారాల్లోనే మాట పోయింది, మతి చెదిరింది. అప్పటికి వయసు 43.

ఇంట్లోవాళ్ళకి ఇదేం జబ్బో అర్థం కాలేదు. హోమియో అయింది, ఆయుర్వేదం అయింది. అక్టోబరులో కలకత్తాలోని మానసిక వైద్యశాలలో చేర్చి నాలుగు నెలలు ఉంచారు. గుణం కనబడలేదు. ఆ తర్వాత దాదాపు పదేళ్ళు ఆ ఇల్లు ఎట్లా గడిచిందో తల్చుకుంటే గుండె చెరువవుతుంది. ఒక మంచం మీద లేవలేని భార్య, ఇంకో మంచం మీద పలకలేని భర్త. అయినా మంచంలోంచే ఆయన తిండీ తిప్పలూ ప్రమీలే చూసుకుంది. సంసారం మోస్తున్న అత్తగారు గిరిబాలాదేవి 1946లో ఇల్లు విడిచి వెళ్ళి మళ్ళీ కనబడలేదు.

1952లో అభిమానులు ఒక సంఘంగా ఏర్పడి చందాలు పోగుచేశారు. మొదట రాంచీ ఆసుపత్రికీ, 1953లో ఓడ మీద లండనుకీ పంపారు. అక్కడి పెద్ద డాక్టర్లు తలా ఒక మాట అన్నారు. ఎక్స్‌రేలో మెదడు ముందుభాగం కుంచించుకుపోయినట్టు తేలింది. ఆపరేషను చేద్దామని కొందరు, వద్దని కొందరు. డిసెంబరులో వియన్నాకి తీసుకువెళ్ళగా డాక్టర్ హాన్స్ హాఫ్ మెదడు రక్తనాళాలకి ఎక్స్‌రే తీయించి ఇది పిక్స్ వ్యాధి అనీ, చాలా ముదిరిపోయిందనీ తేల్చారు. పదకొండేళ్ళకి జబ్బు పేరు తెలిసింది, మందు మాత్రం లేదు. ఆ నెల్లోనే ఇంటికి తిరిగి వచ్చేశారు.

ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు 1892లో మొదట వర్ణించిన అరుదైన జబ్బు ఇది. మెదడులో నుదుటివైపు, కణతలవైపు భాగాలు క్రమంగా కృశిస్తాయి. మనిషి తీరు మారుతుంది, మాట తగ్గి ఆగిపోతుంది. చూసేవాళ్ళకి పిచ్చి లాగానో, మొండితనం లాగానో కనబడుతుంది. ఈ జబ్బుతో సాధారణంగా 34 యేళ్ళు బ్రతకరు కనుక నజ్రుల్‌కి వచ్చింది నిజంగా ఇదేనా అని సందేహించేవాళ్ళూ ఉన్నారు.

ప్రమీల 1962లో కన్నుమూసింది. 1960లో ఇచ్చిన పద్మభూషణ్ గానీ, తర్వాతి గౌరవాలు గానీ కవికి తెలిసినట్టు లేదు. 1972లో బంగ్లాదేశ్ ప్రభుత్వం ఆయన్ని ఢాకాకి ఆహ్వానించి ఇల్లిచ్చింది. పెద్దకోడలు ఉమ, నర్సుగా పనిచేసిన అనుభవం ఉన్న మనిషి, కన్నతండ్రిలా సాకింది. 1976 ఆగస్టు 29న నజ్రుల్ తుదిశ్వాస విడిచారు. ఢాకా విశ్వవిద్యాలయం మసీదు పక్కనే ఆయన సమాధి కలదు.

ఇప్పుడు మా మనవి. మన బెజవాడ పేటల్లోనూ, డెల్టా పల్లెల్లోనూ ఇట్లాంటి రోగి ఉన్న ఇల్లు ఉండకపోదు. గాలి సోకిందనో, చేతబడి అనో యేళ్ళు గడిపేస్తాము. ఆడపిల్లల సంబంధాలు చెడతాయని లోపలి గదిలో దాచేస్తాము. దువా తప్పక చేద్దాం, దాంతోపాటు నరాల డాక్టరుకి కూడా చూపిద్దాం. ఇంకో మాట. నజ్రుల్‌కి సన్మానాలు చేసినవాళ్ళు వందలమంది, అన్నం తినిపించినవాళ్ళు ఇద్దరు ముగ్గురు. అట్టి ఇంటికి వెళ్ళినప్పుడు పళ్ళు పెట్టి వచ్చేయకండి. ఒక పూట రోగి దగ్గర మీరు కూచుని, ఆ ఇల్లాలిని కాసేపు కన్ను మూయనివ్వండి. మన సంఘం చేయదగిన సేవల్లో దీనికి పైసా ఖర్చు లేదు.