వంగర నుంచి టెలికాం దాకా.. పీవీ వేసిన దారి

ఫోన్ కనెక్షన్ కోసం దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులు ఎలా ఉండేవో ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడిగి చూడండి. 1994లో దేశం మొత్తానికి ఉన్న ఫోన్ లైన్లు సుమారు 80 లక్షలు. వెయిటింగ్ లిస్టులో మరో 25 లక్షల మంది. నూటికి ఒక్కరికి కూడా ఫోన్ లేదు. 5.76 లక్షల గ్రామాల్లో ఫోన్ చేరినవి 1.4 లక్షలే. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లోని వాళ్లు పట్నంలో ఉన్న కొడుకుతో మాట్లాడాలంటే బస్సెక్కి ఎస్‌టీడీ బూత్‌కు రావాల్సిందే.

ఇవాళ జేబులో ఫోన్ ఉంది. అదే ఫోన్‌లో టెలికాం కంపెనీ షేర్లు కూడా కొంటున్నాం. ఈ రెండింటికీ దారి వేసిన నిర్ణయాల్లో చాలావరకు ఒకే ప్రధాని హయాంలో జరిగాయి. ఆయన మన పాత కరీంనగర్ జిల్లా వంగర ఊరాయన, పాములపర్తి వెంకట నరసింహారావు. మొదటి జీతం రాగానే పెద్ద టెలికాం కంపెనీ షేర్లు కొనాలి, డివిడెండ్ తినాలి అనుకునేవాళ్లకు పీవీ జీవితం తెలిసి ఉండటం మంచిది. ఇంటర్వ్యూల్లోనూ, పోటీ పరీక్షల్లోనూ ఇది పనికొస్తుంది.

చదువు ఆగలేదు

పీవీ 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టారు. వంగరలో బంధువుల ఇంటికి దత్తత వెళ్లారు. వరంగల్‌లో చదువుతుండగా 1938లో వందేమాతరం ఉద్యమంలో దిగారు. ఆ కారణంగా నిజాం రాజ్యంలో చదువుకునే దారి మూసుకుపోయింది. అక్కడితో ఆగిపోకుండా పుణె ఫెర్గుసన్ కాలేజీకి, తర్వాత నాగ్‌పూర్‌కు వెళ్లి లా పూర్తి చేశారు.

1957 నుంచి 1977 దాకా మంథని ఎమ్మెల్యే ఆయనే. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. భూసంస్కరణలకు గట్టిగా పట్టుబట్టారు. స్వయంగా భూస్వామి కుటుంబానికి చెందినవారైనా వెనక్కి తగ్గలేదు. వ్యతిరేకత పెరిగింది, జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది, 1973 జనవరిలో పదవి పోయింది. తర్వాత ఢిల్లీ వెళ్లి విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరుల శాఖలు చూశారు. నవోదయ విద్యాలయాలు మొదలైంది ఆయన మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడే. అరవై దాటిన వయసులో కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నారు. విశ్వనాథ వారి వేయిపడగలును హిందీలోకి అనువదించారు.

సామాన్లు సర్దుకున్నాక

1991 ఎన్నికల్లో ఆయన పోటీ చేయలేదు. రాజకీయాలు చాలనుకుని హైదరాబాద్ వెళ్లడానికి సిద్ధమయ్యారు. రాజీవ్ గాంధీ హత్యతో అంతా మారిపోయింది. జూన్ 21న పీవీ ప్రధానిగా ప్రమాణం చేశారు. సభలో మెజారిటీ లేదు. దేశం దగ్గరున్న విదేశీ మారకం రెండు, మూడు వారాల దిగుమతులకు కూడా చాలీచాలని స్థితి. జులైలో రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువ పెట్టింది.

ఆర్థిక మంత్రిగా మన్మోహన్ సింగ్‌ను తెచ్చుకున్న పీవీ, పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకున్నారు. జులై 24న కొత్త పారిశ్రామిక విధానం, బడ్జెట్ ఒకే రోజు వచ్చాయి. చాలా పరిశ్రమలకు లైసెన్సు అవసరం పోయింది. ప్రభుత్వ సంస్థల్లో కొంత వాటా అమ్మకం మొదలైంది. ఢిల్లీ, ముంబై ఫోన్లు నడిపే ఎంటీఎన్ఎల్ వాటా కూడా అందులో ఉంది.

షేర్ మార్కెట్ కూడా మారింది. అంతకుముందు కంపెనీ కొత్త షేరును ఏ ధరకు అమ్మాలో ప్రభుత్వ అధికారి తేల్చేవారు. 1992లో ఆ పద్ధతి రద్దయింది, సెబీకి చట్టబద్ధ అధికారాలు వచ్చాయి. అదే ఏడాది హర్షద్ మెహతా కుంభకోణం బయటపడి వేలమంది చేతులు కాల్చుకున్నారు. 1994లో ఎన్ఎస్ఈలో కంప్యూటర్ స్క్రీన్ మీద ట్రేడింగ్ మొదలైంది. 1995లో డిపాజిటరీల ఆర్డినెన్సు వచ్చింది. మీరు ఇప్పుడు తెరిచే డీమ్యాట్ ఖాతాకు పునాది అదే.

1994 మే నెలలో జాతీయ టెలికాం విధానం ప్రకటించారు. ఫోన్ల రంగంలోకి ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. 1995 జులై 31న కోల్‌కతా నుంచి ఢిల్లీకి తొలి మొబైల్ కాల్ వెళ్లింది. మన ఉమ్మడి రాష్ట్రంలో మొదట టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ సేవలు ఇచ్చాయి. జేటీ మొబైల్స్ తర్వాత భారతి చేతికి వచ్చి ఎయిర్‌టెల్‌లో కలిసింది.

మచ్చలూ ఉన్నాయి

అంతా సాఫీగా ఏమీ సాగలేదు. అప్పటి టెలికాం మంత్రి సుఖ్‌రాం ఇళ్లలో 1996లో సీబీఐ సోదాల్లో కోట్ల రూపాయల నగదు దొరికింది. తర్వాత కోర్టు ఆయన్ను దోషిగా తేల్చింది. కంపెనీలు పోటీ పడి లైసెన్సుకు స్తోమతకు మించిన ఫీజు ఒప్పుకున్నాయి. కట్టలేక తంటాలు పడ్డాయి. 1999లో కొత్త విధానం తెచ్చి, ఆదాయంలో వాటా ఇచ్చే పద్ధతికి మార్చాకే ఊపిరి పీల్చుకున్నాయి. బాబ్రీ మసీదు కూల్చివేత పీవీ హయాంలోనే జరిగింది. ఆ నింద ఆయన్ను చివరిదాకా వదల్లేదు. పదవి దిగాక ఎంపీల ముడుపుల కేసులో కింది కోర్టు శిక్ష వేస్తే, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా వదిలింది.

అదే 2002లో భారతి తన షేరును 45 రూపాయలకు జనానికి అమ్మింది. ఏడాది తిరిగేసరికి ధర అంతకంటే బాగా కిందకు పడింది. భయపడి అమ్ముకున్నవాళ్లు అమ్ముకున్నారు. కంపెనీ తొలి డివిడెండ్ 2009లో ఇచ్చింది, అంటే 1995లో మొదలైన 14 ఏళ్లకు. అప్పటిదాకా వచ్చిన డబ్బు టవర్లకు, కొత్త సర్కిళ్లకు పోయింది. 2009లోనే ఒక్కో షేరు రెండైంది. 2024లో ఆ షేరు వెయ్యి రూపాయల పైన నడిచింది. టెలికాంలో డబ్బు ముందు భూమిలోకీ టవర్లలోకీ వెళ్తుంది, చేతికి తర్వాత వస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. ఆ తొలి డివిడెండ్ 20 శాతం. ఇది మార్కెట్ ధర మీద కాదు, పది రూపాయల ముఖ విలువ మీద. అంటే షేరుకు 2 రూపాయలు. అప్పటికి షేరు ధర వందల్లో ఉంది కాబట్టి, ఆ ధరకు కొన్నవాడికి అందింది ఒక శాతం కూడా కాదు. డివిడెండ్ శాతం చూడగానే, షేరుకు ఎన్ని రూపాయలో లెక్కేసి దాన్ని మీరు కొన్న ధరతో భాగించి చూసుకోండి.

పెద్ద పేరు ఉంటే చాలదన్న సంగతి కూడా ఈ రంగమే చెప్పింది. ఎంటీఎన్ఎల్ చాలా ఏళ్లు డివిడెండ్ ఇచ్చింది. ల్యాండ్‌లైన్లు తగ్గాయి, స్పెక్ట్రం కోసం పెద్ద అప్పులు చేసింది, నష్టాల్లో కూరుకుపోయింది. 2006లో లిస్టయిన రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2019లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పీవీ విధానం తలుపు తెరిచింది, నిజమే. లోపలికి వచ్చిన ప్రతి కంపెనీ నిలబడలేదు.

అందుకే కొనేముందు నాలుగు సంగతులు చూడండి. కంపెనీ అప్పు ఎంత? ఒక్కో కస్టమర్ నుంచి నెలకు సగటున వచ్చే ఆదాయం పెరుగుతోందా? ఖర్చులు, వడ్డీ పోను చేతిలో నగదు మిగులుతోందా? డివిడెండ్ లాభంలోంచి ఇస్తున్నారా, అప్పు చేసి ఇస్తున్నారా? ఇవన్నీ వార్షిక నివేదికలో ఉంటాయి, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కోచింగ్ ఫీజు, రూమ్ కిరాయి, ఇంటికి పంపే పైసలు షేర్లలో పెట్టకండి. ఐదారేళ్లు ముట్టుకోని డబ్బే పెట్టండి, అదీ ఒక్క కంపెనీలోనే కాదు. ఈ చదువు నచ్చితే ఇదే ఉద్యోగం కూడా అవుతుంది. సెబీ ఏర్పాటు చేసిన ఎన్ఐఎస్ఎం సర్టిఫికెట్ పరీక్షలు బ్రోకింగ్, మ్యూచువల్ ఫండ్ సంస్థల్లో కొలువులకు పనికొస్తాయి.

పీవీ 2004 డిసెంబర్ 23న కన్నుమూశారు. ఆ ఏడాదే దేశంలో మొబైల్ కనెక్షన్లు ల్యాండ్‌లైన్లను దాటాయి. ఆయనకు భారతరత్న ప్రకటించింది 2024లో, పోయిన పందొమ్మిదేళ్లకు. ఎప్పుడైనా హుజూరాబాద్, హుస్నాబాద్ వైపు వెళ్తే వంగర దాకా వెళ్లి రండి. ఇప్పుడది హనుమకొండ జిల్లాలో ఉంది. అక్కడ నిలబడి ఇంటికి ఫోన్ చేస్తే సిగ్నల్ అందుతుంది.