జె.బి.ఎస్. హాల్డేన్

జన్యుశాస్త్రాన్ని గణితంతో జోడించి పరిణామ సిద్ధాంతానికి గట్టి పునాది వేసిన శాస్త్రవేత్తలలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. ఆయన 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. గనులలోని విషవాయువులను పరిశోధించే తండ్రికి చిన్ననాటి నుంచే సహాయపడుతూ, ప్రయోగానికి తన దేహాన్నే ఒడ్డే సాహసాన్ని ఆయన అలవరచుకున్నారు.

లండను యూనివర్సిటీ కళాశాలలో ఆచార్యులుగా ఉన్న కాలంలో హాల్డేన్ అంతఃప్రజననాన్ని పరిశీలించారు. దగ్గరి బంధుత్వం గల జీవుల మధ్య జరిగే ప్రజననమే అంతఃప్రజననం. ప్రతి జీవిలోను కొన్ని హానికర జన్యువులు అణగి ఉంటాయి. జంట జన్యువులలో ఒకటి మంచిదైతే సాధారణంగా రెండవదాని కీడు బయటపడదు. తల్లిదండ్రులు రక్తసంబంధీకులైతే ఒకే చెడు జన్యువు ఇరువైపుల నుంచి సంతానానికి చేరే అవకాశం పెరుగుతుంది. 1939లో పెరల్ మోషిన్‌స్కీతో కలిసి హాల్డేన్ ఈ విషయాన్ని గణితరీత్యా వివరించారు.

ఈ సూత్రం మనుషులకే పరిమితం కాదు. గోదావరి వరద తీసిన తరువాత మండపేట ప్రాంతంలోని ఒక పల్లపు గుంటలో కొన్ని చేపలు చిక్కుకున్నాయనుకుందాం. కాలువతో సంబంధం తెగిపోతే వాటి సంతతి తమలో తామే జతకట్టక తప్పదు. ప్రతి తరంలో సంతానోత్పత్తి చేసేవి పది చేపలే అయితే, జన్యు వైవిధ్యం తరానికి సుమారు 5 శాతం చొప్పున తరిగిపోతుంది. క్రమంగా బతికే పిల్లలు తగ్గుతాయి. వ్యాధులను తట్టుకొనే శక్తి సన్నగిల్లుతుంది. అమెరికాలోని నెవాడా ఎడారిలో డెవిల్స్ హోల్ అనే ఒకే ఒక నీటిబిలంలో జీవించే పప్‌ఫిష్ సంఖ్య 2013లో 35కు పడిపోయింది. ట్రినిడాడ్ కొండవాగులలోని చిన్న గప్పీ సమూహాలలో మాత్రం బయటి గప్పీలు వచ్చి కలిసిన తరువాత సంఖ్య పెరిగింది. హాల్డేన్ సతీమణి హెలెన్ స్పర్వే లండనులో పరిశోధించిన జీవులలో ఈ గప్పీలు కూడా ఉన్నాయి.

1956లో సూయజ్‌పై బ్రిటన్ జరిపిన దాడిని నిరసించిన హాల్డేన్, 1957లో భార్యతో సహా భారతదేశానికి తరలివచ్చి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. అక్కడ పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యులయ్యారు. ఆ శిష్యుడు ఆంధ్రదేశంలోని మేనరికాలను అధ్యయనం చేశారు. ఒక జన్యువు ఒకే పూర్వీకుని నుంచి జంటగా సంక్రమించే సంభావ్యత మేనమామ, మేనకోడళ్ల సంతానంలో ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ బిడ్డల సంతానంలో పదహారింట ఒకటి.

హాల్డేన్ భారత పౌరసత్వం స్వీకరించారు. భారతీయ వేషధారణను, శాకాహారాన్ని అలవరచుకున్నారు. 1962లో భువనేశ్వర్ చేరి, అక్కడే క్యాన్సరు వ్యాధితో 1964 డిసెంబరు 1న కన్నుమూశారు. వైద్య విద్యార్థుల ప్రయోజనార్థం తన భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు సమర్పించారు. బాల్యంలో ప్రయోగానికి ఒడ్డిన దేహాన్ని మరణానంతరం కూడా శాస్త్రానికే అంకితం చేసిన ఆ మహనీయుని జీవితం ఇలా పరిసమాప్తమైంది.