నటుడు, దర్శకుడు శ్రీ చిత్తూరు నాగయ్యగారు

త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున జన్మించి, కావేరీతీరమందలి తిరువయ్యారున నివసించి, 1847లో అచ్చటనే సిద్ధి పొందిరి. చుట్టును తమిళము మాటాడు జనుల నడుమ నుండియు, వారు తమ కీర్తనలలో చాలవానిని మాతృభాషయైన తెలుగుననే రచించిరి. తమిళదేశమున తరతరములుగా కాపురముండు మనకు ఆ మహనీయుడు మిక్కిలి ఆప్తుడు. వారిని కన్నులార చూచినవారు నేడెవ్వరును లేరు. అయినను మన యిండ్లలోని పెద్దలను అడిగి చూడుడు. త్యాగయ్య యనగానే వారి మనస్సున ఒక రూపము మెదలును. అది శాంతమైన చూపు, మృదువైన కంఠము గల శ్రీ చిత్తూరు నాగయ్యగారి రూపము. ఒక నటుడు ఒక మహాపురుషుని రూపముగా ప్రజల హృదయములలో నిలుచుట సామాన్య విషయము కాదు. అందులకై ఆయన చెల్లించిన మూల్యమును సామాన్యమైనది కాదు.

నాగయ్యగారు 1904వ సంవత్సరము మార్చి 28వ తేదీన రేపల్లెలో జన్మించిరి. పుట్టినది రేపల్లెయైనను, ఆయన పేరునకు ముందు శాశ్వతముగా నిలిచిన ఊరు చిత్తూరు. ఆ జిల్లా 1911లో ఏర్పడినది. దానిలో కొంత భాగము అంతకుముందు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. అచ్చటి సంతలలోను, వీధులలోను తెలుగును తమిళమును ప్రక్కప్రక్కనే వినబడును. ఇట్టి యెల్లప్రాంతపు వాతావరణము తరువాతి కాలమున ఆయనకు గొప్ప సంపదయైనది. రెండు భాషల ప్రేక్షకులును ఆయనను తమవానిగా భావించుటకు ఈ పెంపకమే పునాది.

చిత్తూరులో ఆ దినములలో రామవిలాస సభ యను నాటకసమాజము ప్రసిద్ధి చెంది యుండెను. నాగయ్యగారు ఆ సభ నాటకములలో వేషములు ధరించి, మధురమైన కంఠముతో పద్యములు పాడి పేరు తెచ్చుకొనిరి. నాటి నాటకరంగమున పురుషులే స్త్రీ పాత్రలను ధరించు ఆచారముండెను. ఆయనయు అట్టి పాత్రలను ధరించిరి. జీవనోపాధికై కొంతకాలము గుమాస్తా పని చేసిరి. ఆంధ్రపత్రికకు విలేఖరిగా నుండిరి. 1930లో గాంధీమహాత్ముడు ఉప్పు సత్యాగ్రహమును ప్రారంభించినపుడు ఆ యుద్యమమున పాల్గొనిరి.

ఇంతలో ఆయన గృహజీవితమున గొప్ప విషాదము సంభవించినది. వివాహమాడిన భార్య మరణించినది. తిరిగి వివాహము చేసికొనగా ఆ భార్యయు మరణించినది. మనస్సు విరిగి, ఆయన తిరువణ్ణామలైలోని రమణమహర్షి ఆశ్రమమునకు పోయి కొంతకాలము గడపిరి. తరువాత ఆయన ధరించిన భక్తుల పాత్రలను చూచినవారు, ఆ కన్నులలోని వైరాగ్యము అభినయము వలె లేదని ఆశ్చర్యపడుచుండిరి. ఆ వైరాగ్యమును ఆయన రంగస్థలముపై నేర్వలేదు. జీవితమే ఆయనకు దానిని నేర్పినది.

తెలుగున తొలి పూర్తి శబ్దచిత్రమైన భక్తప్రహ్లాద 1932లో విడుదలయైనది. దాని దర్శకుడు శ్రీ హెచ్. ఎం. రెడ్డిగారు. వారే 1938లో గృహలక్ష్మి యను చిత్రమును నిర్మించుచు, అందలి సంఘసంస్కర్త పాత్రకు నాగయ్యగారిని తీసికొనిరి. అది కథానాయకుని పాత్ర కాదు. కథకు బలము చేకూర్చు పెద్దమనిషి పాత్ర. ఇట్టి వేషములు వేయువారిని చిత్రపరిశ్రమలో క్యారెక్టర్ నటులందురు. నాగయ్యగారు చిత్రసీమలో కాలు మోపినది ఆ ద్వారముననే. అప్పటికి ఆయన వయస్సు ముప్పదినాలుగు సంవత్సరములు.

అనంతరము శ్రీ బి. ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థ పక్షమున వందేమాతరము (1939), సుమంగళి (1940), దేవత (1941) అను చిత్రములకు దర్శకత్వము వహించిరి. ఆ మూటిలోను నాగయ్యగారు నటించిరి. వీనిలో సుమంగళి విశేషముగా పేర్కొనదగినది. వితంతువుల కష్టములను చూపిన ఆ చిత్రమున ఆయన కందుకూరి వీరేశలింగము పంతులుగారిని స్ఫురింపజేయు వృద్ధ సంస్కర్తగా కనబడిరి. నిజమునకు ఆయన వయస్సు అప్పటికి ముప్పదియారు మాత్రమే. యౌవనమును చూపవలెనను కోరిక లేక, పాత్రకు తగిన వార్ధక్యమును సంతోషముతో ధరించుట ఆయన నటనలోని మొదటి గుణము.

1943లో శ్రీ కె. వి. రెడ్డిగారి తొలి దర్శకత్వమున భక్తపోతన వెలువడినది. భాగవతమును రాజులకు అంకితమీయక, నాగలి పట్టి జీవించిన మహాకవి పాత్రలో నాగయ్యగారు తెలుగునాట ఇంటింటను ప్రియులైరి. ఆయనకు భక్తుల పాత్రలు మాత్రమే తగునని అనుకొనరాదు. 1945లో వచ్చిన స్వర్గసీమ చిత్రమున, ఇల్లాలిని విడచి వ్యామోహమున పడిన గృహస్థుని పాత్రను అంతే నేర్పుతో నిర్వహించిరి. ఆ చిత్రమునకు సంగీతము కూర్చినవారిలో ఆయనయు నొకరు.

ఇట్లు నటుడుగా శిఖరమునందున్నపుడు ఆయన దర్శకత్వ భారమును తలకెత్తుకొనిరి. నటుని పని వేరు, దర్శకుని పని వేరు. నటుడు తన పాత్రను గూర్చి యోచించిన చాలును. దర్శకుడు కథను దృశ్యములుగా విభజించి, ఎవరు ఎచ్చట నిలువవలయునో, ఏ మాట ఏ స్వరమున పలుకవలయునో, కెమెరా దేనిని చూపవలయునో నిర్ణయించి, అనేకుల శ్రమను ఒక్కత్రాటిపై నడుపవలెను. నాగయ్యగారు శ్రీ రేణుకా ఫిలింస్ అను సంస్థను స్థాపించి, 1946లో త్యాగయ్య చిత్రమును వెలువరించిరి. నిర్మాత ఆయనయే, దర్శకుడు ఆయనయే, సంగీతము కూర్చినది ఆయనయే, త్యాగరాజస్వామిగా నటించి పాడినదియు ఆయనయే. కథాసంభాషణల రచనకు శ్రీ సముద్రాల రాఘవాచార్యులుగారు తోడైరి.

ఈ ప్రయత్నమెంత సాహసమైనదో గ్రహింపవలయును. త్యాగరాజ కృతులు దక్షిణదేశమున సంగీతజ్ఞులకెల్ల కంఠస్థములు. వానిలో ఒక్క సంగతి తప్పినను విద్వాంసులు క్షమింపరు. అట్లని కచేరీలో వలె దీర్ఘముగా పాడినచో, సామాన్య ప్రేక్షకుడు విసుగు చెందును. నాగయ్యగారు పాటను కథలో భాగము చేసిరి. రాజు పంపిన కానుకలను త్యాగయ్య తిరస్కరించుట, అన్న కోపించి శ్రీరామ విగ్రహమును కావేరిలో పడవేయుట మున్నగు ఘట్టములలో కీర్తన ఆ భక్తుని హృదయము నుండి అప్పుడే పుట్టినట్లు వినబడును. తిరువయ్యారు మహనీయుడు సిద్ధి పొందిన నూరేండ్లకు ఒక్క సంవత్సరము ముందు వెలువడిన ఆ చిత్రము, తెలుగు తెలిసినవారికిని తెలియనివారికిని ఆయనను సన్నిహితుని చేసినది. మరుసటి సంవత్సరము యోగివేమనలో నాగయ్యగారు వేమన పాత్రను ధరించిరి. పోతన, త్యాగయ్య, వేమన యను మువ్వురిని ఒక్కడే ఐదేండ్ల లోపల ప్రజల యెదుట నిలిపిన ఘనత ఆయనకే చెల్లినది.

తమిళ చిత్రములలోను ఆయనకు సమానమైన గౌరవము లభించినది. అశోక్ కుమార్ (1941) చిత్రమున అశోక చక్రవర్తిగాను, శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు నటించిన మీరా (1945) చిత్రమున రాణాగాను, చక్రధారి (1948)లో గోరా కుంభారు గాను ఆయన నటించిరి. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో నవలను అనుసరించి కోయంబత్తూరు పక్షిరాజా సంస్థవారు 1950లో తెలుగున బీదలపాట్లు, తమిళమున ఏళై పడుం పాడు అను పేర్లతో చిత్రమును తీసిరి. రెంటను ప్రధాన పాత్ర నాగయ్యగారిదే. 1953లో తాను దర్శకత్వము వహించిన నా ఇల్లు చిత్రమును ఆయనయే ఎన్ వీడు అను పేరుతో తమిళమునను తీసిరి. తమిళము నేర్చినందువలన ఆయన తెలుగు తగ్గలేదు. తెలుగును ప్రేమించినందువలన తమిళులు ఆయనను పరాయివానిగా చూడలేదు. ఇంట ఒక భాషను, వీధిలో ఒక భాషను మాటాడు మన బాలబాలికలు ఈ సంగతిని మరువరాదు.

ఇక ఆయన జీవితమున రెండవ పార్శ్వమును చెప్పవలసి యున్నది. నాగయ్యగారు తమ ఉన్నతదశలో విశేష ధనము నార్జించిరి. ఆ ధనము ఆయన యొద్ద నిలువలేదు. అడిగినవారికి లేదనుట ఆయన యెరుగరు. చెన్నపురిలో ఆయన యింట అతిథులకు కొదువ లేకుండెను. బీదవిద్యార్థులును, అవకాశములు లేని కళాకారులును ఆయన ద్వారము తట్టి వట్టిచేతులతో మరలిపోలేదని చెప్పుకొందురు. స్వయముగా చిత్రములు నిర్మించుటలో కలిగిన నష్టములు దీనికి తోడైనవి. చివరకు దాతయే ఋణగ్రస్తుడయ్యెను.

అట్టి దశలోను ఆయన తమ సంకల్పమును విడువలేదు. భద్రాచల రామదాసు కథను చిత్రముగా తీయవలెనని పూని, ఎన్నో ఆటంకములను దాటి, చాలకాలము శ్రమించి, 1964లో రామదాసు చిత్రమును పూర్తి చేసిరి. అందును నిర్మాత, దర్శకుడు, నాయకుడు ఆయనయే. సర్కారు పైకమును రామునికి ఆలయము కట్టుటకు వెచ్చించి, గోలకొండ చెరలో మ్రగ్గిన కంచెర్ల గోపన్న కథ అది. తనకున్నదంతయు కళకు వెచ్చించి ఇబ్బందుల పాలైన వ్యక్తి ఆ పాత్రను ధరించుటలోని ఔచిత్యమును ప్రేక్షకులు గ్రహింపకపోలేదు.

పిదప ఆయన మొదట ప్రవేశించిన ద్వారమునకే తిరిగి వచ్చిరి. తండ్రిగా, తాతగా, గురువుగా, మునిగా చిన్నచిన్న పాత్రలను అల్పమైన పారితోషికమునకే ధరించుచు కాలము గడపిరి. 1963లో వచ్చిన లవకుశలో వాల్మీకి మహర్షిని చూచినవారికి ఆ దృశ్యములు నేటికిని మరపునకు రావు. ఒకప్పుడు తానే కథానాయకుడైన రంగమున, తనకంటె చిన్నవారి ప్రక్కన ఒక మూల నిలుచుటకు ఆయన సిగ్గుపడలేదు. పాత్ర చిన్నదని పనిలో లోపము చేయలేదు. 1965లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నొసగినది. 1973వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన చెన్నపురిలో ఆయన కన్ను మూసిరి. ఆ నగరమున త్యాగరాయనగరులోని పానగల్ పార్కులో ఆయన విగ్రహము ప్రతిష్ఠింపబడినది.

ఈ జీవితము నుండి మనము గ్రహింపవలసిన దేమి? దానము మంచిది, కాని దాతకు వృద్ధాప్యమున ఆధారముండవలె ననునదియు సత్యమే. పిల్లలకు ఈ కథ చెప్పు తల్లిదండ్రులు రెండవ మాటను దాచవలసిన పనిలేదు. అయితే తప్పంతయు దాతపై మోపుటయు న్యాయము కాదు. ఆయన చేతి అన్నము తిన్నవారు అనేకులు. ఆయన పాట విని ఆనందించినవారు లక్షలు. ఒక కళాకారుడు తన సర్వస్వమును సంఘమునకు అర్పించినపుడు, వార్ధక్యమున ఆయనను కనిపెట్టి యుండు బాధ్యత సంఘమునకు లేదా? మరణించిన పిదప విగ్రహమును నిలుపుట సులభము. బ్రతికియున్నపుడు ఆదరించుటయే కష్టమైన ధర్మము.

విద్యార్థులారా! ఈసారి పుష్యబహుళ పంచమినాడు తిరువయ్యారున త్యాగరాజ ఆరాధన జరుగునపుడు, మన తెలుగు మాట తమిళ సోదరుల కంఠములలో మారుమ్రోగుట వినుడు. ఆ కీర్తనలను రచించిన మహాత్ముని స్మరింపుడు. వానిని వెండితెరపై పాడి, సంపాదించినదంతయు పంచియిచ్చి, చివరి వరకు చేసిన పనిని శ్రద్ధతో చేసిన చిత్తూరు నాగయ్యగారిని కూడ ఒక్క క్షణము స్మరింపుడు.