సెర్గీ మోసిన్: 3.7 కోట్ల రైఫిళ్లు.. బతికుండగా దానికి ఆయన పేరే పెట్టలేదు!

రెండు ప్రపంచ యుద్ధాల్లో రష్యా సైనికుల చేతుల్లో ఎక్కువగా కనిపించింది మోసిన్ రైఫిల్. ఒక్కో తూటా పేల్చాక చేత్తో బోల్టు లాగి, తోసే రకం ఇది. మొత్తం సుమారు 3.7 కోట్లు తయారయ్యాయని అంచనా. కానీ దీన్ని రూపొందించిన సెర్గీ మోసిన్ పేరు మాత్రం ఆయన బతికున్నంత కాలం రైఫిల్‌కు దక్కలేదు.

1849లో వొరోనెజ్ ప్రాంతంలో పుట్టిన మోసిన్.. 1875లో ఆర్టిలరీ అకాడమీలో చదువు ముగించి, తులా ఆయుధ కర్మాగారంలో చేరారు. అప్పట్లో రష్యా సైన్యం వాడే బెర్డాన్ రైఫిల్‌లో ఒకసారికి ఒక్క తూటానే పట్టేది. మ్యాగజైన్ ఉన్న రైఫిల్ కోసం పెట్టిన పోటీలో మోసిన్‌కు గట్టి ప్రత్యర్థి బెల్జియంకు చెందిన లియోన్ నగాంట్.

చివరకు 1891లో మోసిన్ డిజైన్‌కే ఓకే చెప్పారు. నగాంట్ ఐడియాలు కొన్ని అందులో కలిపారు. రెండు తూటాలు ఒకేసారి పైకొచ్చి ఇరుక్కోకుండా ఆపే భాగం మోసిన్‌దే. అయినా నగాంట్‌కు 2 లక్షల రూబుళ్లు, మోసిన్‌కు 30 వేలు ముట్టాయి! చక్రవర్తి మూడో అలెగ్జాండర్ ఎవరి పేరూ లేకుండా 'త్రీ లైన్ రైఫిల్' అని ఖరారు చేశారు. లైన్ అంటే అంగుళంలో పదో వంతు. మూడు లైన్లంటే 7.62 మిల్లీమీటర్లు.

ఆ డబ్బు మాత్రం మోసిన్ జీవితాన్ని మార్చేసింది. ఆయన ప్రేమించిన వర్వారా అప్పటికే వివాహిత. విడాకులివ్వాలంటే 50 వేల రూబుళ్లు ఇవ్వాలని ఆమె భర్త పట్టుబట్టాడు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఈ జంట పెళ్లి 1891లోనే జరిగింది.

ఇక తయారీ అంత ఈజీగా మొదలవలేదు. తులా, ఇజెవ్స్క్, సెస్ట్రోరెత్స్క్ ఫ్యాక్టరీల్లో కొత్త యంత్రాలు బిగించాల్సి వచ్చింది. దీంతో దాదాపు 5 లక్షల రైఫిళ్ల ఆర్డర్ ఫ్రాన్స్‌లోని షాతెల్లెరో కర్మాగారానికి వెళ్లింది. 1894లో సెస్ట్రోరెత్స్క్ ఫ్యాక్టరీ బాధ్యతలు తీసుకున్న మోసిన్.. 1902లో నిమోనియాతో కన్నుమూశారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సొంత ఫ్యాక్టరీలు చాలక, రష్యా అమెరికాలోని రెమింగ్టన్, న్యూ ఇంగ్లాండ్ వెస్టింగ్‌హౌస్ కంపెనీలకూ ఆర్డర్లిచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఒక్క ఇజెవ్స్క్‌లోనే రైఫిళ్లు, కార్బైన్లు కలిపి కోటికి పైగా తయారయ్యాయి.

మోసిన్ పేరు అధికారికంగా చేరింది సోవియట్ హయాంలోనే. అయితే పాశ్చాత్య దేశాల్లో ఇప్పటికీ దీన్ని 'మోసిన్-నగాంట్' అనే పిలుస్తున్నారు. అంటే.. ఆ పేరులోనూ ఆయనకు దక్కింది సగమే!